తెర నిండుట వేరు, దర్శనం నిండుట వేరు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల భక్తులు, దాతలు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త ఎలక్ట్రానిక్స్ బోధించి విశ్రాంతులైన ఉపన్యాసకులు. పాఠకుల సౌకర్యార్థం ఉపశీర్షికలు చేర్చడమైనది.)



ఆలయ సభలో టెలివిజన్ ప్రస్తావన ఏమిటని కొందరికి అనిపించవచ్చును. కాని మన ఇళ్ళలో ఒక్కసారి చూడండి. కాళ్ళు కదలని తల్లి, కంటి ఆపరేషన్ అయిన తండ్రి, పసిబిడ్డను విడిచి రాలేని కోడలు, వీరందరికీ ఉత్సవ దర్శనం ఏ ద్వారం గుండా లభిస్తున్నది? గోడకు తగిలించిన ఆ తెర గుండానే కదా. 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తుల దర్శనాలు నిలిచిపోయినప్పుడు, అదే సంవత్సరం ఏప్రిల్ 2న భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తసందోహం లేకుండా జరిగినప్పుడు, కోట్లాది కుటుంబాలకు ఆ తెరయే గర్భాలయ ద్వారమైనది. ఆ కష్టకాలం గడిచిపోయినది. కాని నడవలేని వృద్ధులకు ఆ కాలం ఇంకా గడవలేదు. వారికి ప్రతి సంవత్సరమూ 2020వ సంవత్సరమే.

అటువంటివారు చూచే బొమ్మలో కిరీటం సగం తెగి, పాదాలు అసలే కనిపించకుండా పోతున్నవని చెప్పితే మీరు ఆశ్చర్యపడవచ్చును. ప్రసారంలో లోపం లేదు, టీవీ చెడిపోలేదు. లోపల ఉన్న ఒక చిన్న అమరిక సరిగా లేదు, అంతే. దానిని సరిచేయడానికి రూపాయి ఖర్చు లేదు. పది నిమిషాల సమయం చాలును. ఆ పది నిమిషాల పనిని గురించి చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలిచినాను.

ఆపాదమస్తకం

మన సంప్రదాయంలో దర్శనానికి ఒక క్రమమున్నది. కన్ను ముందుగా పాదాల మీద నిలుస్తుంది. అక్కడి నుండి మెల్లగా పైకి సాగి ముఖమండలానికి, కిరీటానికి చేరుతుంది. అర్చకులు అలంకారం చేసేటప్పుడు కూడా పాదాల దగ్గరి పువ్వు నుండి కిరీటంపై తురాయి వరకు ఏ ఒక్కటీ అనవసరమని భావించరు.

మన అలంపురం జోగులాంబ అమ్మవారినే స్మరించండి. అష్టాదశ శక్తిపీఠాలలో అయిదవదిగా ప్రసిద్ధి పొందిన ఆ పీఠంలో అమ్మవారి విశిష్టత ఎక్కడ ఉన్నది? శిరస్సుపై ఎగసిన జటలలో, ఆ జటలలో కనిపించే బల్లి, తేలు, కపాలం వంటి చిహ్నాలలో ఉన్నది. అమ్మవారి చిత్రాన్ని పైభాగాన కోసివేస్తే ఆమెను జోగులాంబగా గుర్తింపజేసే లక్షణమే కనుమరుగవుతుంది. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాలను తెరపై చూపినప్పుడు పైఅంచు తెగితే, శిఖరం మీది ఆమలకం పోయి ఆలయం మొండిగా నిలుస్తుంది.

వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలో రంగనాథస్వామి శేషశయనుడై ఉన్నాడు. శయనమూర్తికి ఎత్తు తక్కువ, పొడవు ఎక్కువ. అక్కడ ఎడమ, కుడి అంచులే ముఖ్యం. ఒక వైపు కిరీటం, మరొక వైపు పాదాలు. తిరువనంతపురంలో అనంతపద్మనాభుని దర్శనం మూడు ద్వారాల గుండా జరుగుతుందని మీలో చాలామందికి తెలిసినదే. ఒక ద్వారంలో ముఖం, మరొక దానిలో నాభికమలం, వేరొక దానిలో పాదపద్మాలు. మధ్య ద్వారం దగ్గర మాత్రమే నిలిచి వెనుకకు తిరిగి వచ్చే భక్తుడుంటాడా? కాని అమరిక సరిగా లేని టీవీ చేసే పని అదే. మధ్యభాగాన్ని మాత్రం చూపి, రెండు వైపుల తలుపులు మూసివేస్తుంది. విచారించవలసిన విషయమేమనగా, మూసిన తలుపులు ఉన్నవని కూడా చూచేవారికి తెలియదు.

అంచు లేని చీర

గద్వాల ప్రాంతంలో మాట్లాడుతూ అంచును గురించి వివరించవలసిన అవసరం లేదు. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. రెండింటిని వేరువేరు నాడెలతో నేస్తూ పోగుకు పోగు ముడివేసి కలుపుతారు. కోటకొమ్మ, కుంభం వంటి నమూనాలన్నీ అంచులోనే నిలుస్తాయి. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాల సందర్భంలో గద్వాల సంస్థానం పక్షాన సమర్పించే ఏరువాడ జోడు పంచెలు 11 గజాల పొడవు ఉంటాయి. నేతగాండ్రు నియమనిష్ఠలతో నేసే ఆ పంచెలలో కూడా ఘనత అంచుదే. పెట్టెలో పట్టలేదని ఎవరైనా ఆ అంచును కత్తిరించి మడత పెడతారా?

టెలివిజన్ బొమ్మకు కూడా నాలుగు వైపుల అంచు ఉన్నది. పెట్టెలో పట్టించడానికి మనం తెలియకుండానే దానిని కత్తిరిస్తున్నాము.

ఈ కత్తిరింపు ఎక్కడ నుండి వచ్చినది

దీనికొక చరిత్ర ఉన్నది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు మన దేశంలో ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం జరిగినది. ఆరు రాష్ట్రాలలోని సుమారు 2400 గ్రామాలకు ఉపగ్రహం నుండి నేరుగా బొమ్మ వచ్చినది. నాటి ఆంధ్రప్రదేశ్‌లోని తెలంగాణ పల్లెలు కూడా అందులో ఉన్నవి. కోళ్ళ గూళ్ళకు వాడే వల వంటి తీగజాలంతో చేసిన పది అడుగుల గొడుగులు, మన హైదరాబాదులోని ఈసీఐఎల్ సంస్థ సిద్ధపరచిన టీవీలు, వాటి ముందు ఊరంతా కూర్చునేది. 1977 అక్టోబరు 23న హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ఆరంభమైనది.

ఆనాటి టీవీలు గాజు గొట్టం మీద బొమ్మను గీసేవి. అందులో ఎలక్ట్రాన్ల ధార ఎడమ నుండి కుడికి, పై నుండి క్రిందికి గీతలు గీస్తూ పోయేది. ఆ బొమ్మ పరిమాణం కరెంటు వోల్టేజీని బట్టి మారేది. పెద్దవారికి జ్ఞాపకముండే ఉంటుంది. సాయంకాలం ఊరంతా దీపాలు, రైతుల మోటార్లు పనిచేసే వేళ వోల్టేజీ పడిపోతే బొమ్మ నాలుగు వైపుల నుండి కుంచించుకుపోయేది. టీవీ పాతబడిన కొద్దీ కూడా పరిమాణం మారేది. తెర అంచున నల్లని ఖాళీ కనిపించకూడదని తయారీదారులు ఒక ఉపాయం చేసినారు. బొమ్మను తెర కంటె కొంచెం పెద్దదిగా గీయించినారు. అంచులు గాజుకు ఆవల, చట్రం వెనుక దాగిపోయేవి. దీనినే ఓవర్‌స్కాన్ అంటారు. కార్యక్రమాలు తీసేవారు కూడా ఈ సంగతి ఎరిగి, అక్షరాలను అంచుకు దూరంగా, ప్రతి వైపు నూటికి పది పాళ్ళ స్థలం విడిచి వ్రాసేవారు.

ఇప్పుడు గాజు గొట్టం పోయినది. నేటి పలుచని తెరలో ప్రతి చుక్కకూ ఒక నిర్ణీత స్థానమున్నది. హెచ్‌డీ బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. వోల్టేజీ తగ్గినా బొమ్మ కుంచించుకుపోదు. కాబట్టి కత్తిరింపు అవసరమే లేదు. అయినను పాత ప్రసారాల అంచులలో కనిపించే పనికిరాని గీతలను దాచవలెనని అనేక టీవీలలో ఆ అలవాటును కొనసాగించినారు. కారణం పోయినా ఆచారం మిగిలినది.

లెక్క చూడండి. ప్రతి వైపు నూటికి రెండున్నర పాళ్ళు పోతే వెడల్పులో 95, ఎత్తులో 95 పాళ్ళు మిగులుతాయి. మొత్తం మీద బొమ్మలో పదవ వంతు పోయినట్లే. ప్రతి వైపు అయిదు పాళ్ళు పోతే మిగిలేది 81 పాళ్ళు మాత్రమే. ఇంచుమించు అయిదవ వంతు దర్శనం చట్రం వెనుక ఉండిపోయినది.

రెండు ఆకారాలు

రెండవ కారణం బొమ్మ ఆకారం. పాత టీవీ బొమ్మ వెడల్పు 4 పాళ్ళయితే ఎత్తు 3 పాళ్ళు. నేటి టీవీ వెడల్పు 16 పాళ్ళయితే ఎత్తు 9 పాళ్ళు. 1987లో ఆరంభమై ప్రతి ఆదివారం ఊళ్ళను కదలకుండా కూర్చోబెట్టిన రామాయణ ధారావాహిక పాత ఆకారంలో తీసినది. పూర్వపు ఉత్సవాల వీడియోలు, మీ ఇళ్ళలోని పెండ్లి క్యాసెట్లు కూడా అట్టివే.

43 అంగుళాల టీవీని తీసుకోండి. దాని తెర వెడల్పు సుమారు 37న్నర అంగుళాలు, ఎత్తు సుమారు 21 అంగుళాలు. పాత బొమ్మను ఉన్నది ఉన్నట్లు చూపితే అది 28 అంగుళాల వెడల్పు ఆక్రమిస్తుంది. ఇరువైపులా నాలుగున్నర అంగుళాలకు పైగా నల్లని పట్టీలు మిగులుతాయి. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఇంటివారు మెకానిక్‌ను పిలిచి, "ఏమయ్యా, ఇంత డబ్బు పోసి టీవీ కొంటే ప్రక్కలంతా నల్లగా ఉన్నదేమిటి? తెర నిండేటట్లు చేయి" అంటారు. అతడు వారి మాట ప్రకారం రెండు పనులలో ఒకటి చేస్తాడు.

మొదటిది, సాగదీయడం. అప్పుడు ఎత్తు మారదు, వెడల్పు మాత్రం మూడవ వంతు పెరుగుతుంది. రామలక్ష్మణులు పొట్టిగా, లావుగా అవుతారు. సుదర్శన చక్రం కోడిగ్రుడ్డు ఆకారంలోకి మారుతుంది. శిల్పశాస్త్రం తాళప్రమాణాలతో నిర్ణయించిన మూర్తి కొలతలు ఒక్క మీట నొక్కడంతో తారుమారవుతాయి.

రెండవది, జూమ్ చేయడం. ఇందులో ఆకారం చెడదు. కాని 28 అంగుళాల ఎత్తుకు పెరిగిన బొమ్మలో 21 అంగుళాలే తెర మీద పడతాయి. పైన మూడున్నర అంగుళాలు, క్రింద మూడున్నర అంగుళాలు ఎగిరిపోతాయి. పైన ఉండేది కిరీటం, క్రింద ఉండేది పాదాలు. బొమ్మలో నాలుగవ వంతు పోయినది. తెర మాత్రం నిండినది. ఇంటివారు సంతోషించినారు.

అందువల్లనే ఈ ప్రసంగానికి ఆ పేరు పెట్టినాను. తెర నిండుట వేరు, దర్శనం నిండుట వేరు. ఆ నల్లని పట్టీలు లోపం కాదు. "ఈ బొమ్మ ఇంతవరకే ఉన్నది, ఉన్నదంతా మీకు చూపించినాను" అని తెర చెప్పే సత్యవాక్యమది. పటానికి చట్రం కట్టేటప్పుడు పటం చుట్టూ కొంత ఖాళీ విడుస్తాము కాని, చట్రానికి సరిపోయేటట్లు పటాన్ని కత్తిరించము కదా.

గుర్తించడమెట్లు

మీ ఇంటి టీవీలో బొమ్మ నిండుగా ఉన్నదో లేదో తెలుసుకోవడానికి మూడు పరీక్షలు చాలును.

మొదటిది గుండ్రని వస్తువు పరీక్ష. జాతీయ జెండాలోని అశోకచక్రం, గడియారం, పూర్ణచంద్రుడు, హారతి పళ్ళెం నేరుగా కనిపించినప్పుడు గుండ్రంగా ఉన్నవో లేదో చూడండి. అడ్డంగా సాగి ఉంటే బొమ్మను లాగుతున్నారని అర్థం.

రెండవది అంచుల పరీక్ష. తెర మూలలోని చానల్ గుర్తు తెగిందా? క్రింద పరుగెత్తే అక్షరాలలో ఒత్తులు పోయినవా? గోత్రనామాలు చదివే పూజలలో మీ కుటుంబం పేరు తెరపై వచ్చినా సగం వరుస తెగిపోయి చదవలేకపోతే కారణమిదే. తెలుగు లిపిలో ఒత్తులు వరుస క్రింద ఉంటాయి కాబట్టి క్రింది అంచు తెగితే ఇంగ్లీషు కంటె మన భాషకే నష్టమెక్కువ.

మూడవది సరిపోల్చే పరీక్ష. అనేక ఉత్సవాలు టీవీలోను, ఫోన్‌లోను ఏకకాలంలో ప్రసారమవుతున్నవి. ఫోన్‌ను అడ్డంగా పట్టుకొని, వేళ్ళతో పెద్దది చేయకుండా అదే దృశ్యాన్ని చూడండి. ఫోన్‌లో కనిపించే స్తంభం, గొడుగు, దీపం టీవీ అంచున కనిపించకపోతే ఎంత పోతున్నదో కంటికి తెలిసిపోతుంది.

సరిచేయడమెట్లు

పని చేయవలసిన క్రమం ముఖ్యం. ముందు పెట్టె, తరువాత తెర. బొమ్మ సెట్‌టాప్ బాక్సులో ఒకసారి, టీవీలో మరొకసారి అమర్చబడుతుంది. రెండు చోట్ల పరస్పర విరుద్ధమైన అమరికలు ఉంటే ఎంత తిప్పినా ఫలితముండదు. బొమ్మ చుట్టూ నాలుగు వైపుల నల్లని ఖాళీతో తెర మధ్యలో చిన్నదిగా కనిపిస్తే ఈ విరోధమే కారణం.

మొట్టమొదట తీగను చూడండి. పసుపు, తెలుపు, ఎరుపు పిన్నులున్న పాత తీగతో బాక్సును కలిపి ఉంటే దానిగుండా హెచ్‌డీ బొమ్మ రాదు. బాక్సుకు హెచ్‌డీఎంఐ రంధ్రముంటే ఆ తీగనే వాడండి.

తరువాత బాక్సు రిమోట్‌తో సెట్టింగ్స్ తెరచి, టీవీ రకం లేదా యాస్పెక్ట్ రేషియో అనే చోట 16:9 ఎంచండి. రిజల్యూషన్ అనే చోట 1080 గాని, ఆటో గాని పెట్టండి. పాత ఆకారపు చానళ్ళను ఎట్లు చూపవలెనని అడిగితే పిల్లర్‌బాక్స్ లేదా ఒరిజినల్ అనే దానిని ఎంచండి. ఫుల్, జూమ్, పాన్ స్కాన్ అనే వాటి జోలికి పోవద్దు.

ఇక టీవీ రిమోట్ తీసుకోండి. ఒకే పనికి ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరు పెట్టినది. శాంసంగ్ టీవీలలో పిక్చర్ సైజ్ సెట్టింగ్స్‌లో 16:9 స్టాండర్డ్ ఎంచి, ఫిట్ టు స్క్రీన్ అనే దానిని ఆన్ చేయవలెను. ఎల్‌జీ టీవీలలో యాస్పెక్ట్ రేషియోలో జస్ట్ స్కాన్ అనే దానిని ఆన్ చేయవలెను. సోనీ టీవీలలో డిస్‌ప్లే ఏరియా అనే చోట ఫుల్ పిక్సెల్ లేదా ప్లస్ 1 ఎంచవలెను. పానాసోనిక్ టీవీలలో 16:9 ఓవర్‌స్కాన్ అనే దానిని ఆఫ్ చేయవలెను. మరికొన్ని టీవీలలో డాట్ బై డాట్ అని ఉంటుంది. మోడల్‌ను బట్టి పేరు, స్థానం కొంచెం మారవచ్చును. పేరేదైనా ఉద్దేశమొక్కటే, వచ్చిన బొమ్మను కత్తిరించక, సాగదీయక, ఉన్నదంతా చూపుమని ఆదేశించడం.

ఒక హెచ్చరిక. చాలా టీవీలలో ఈ అమరిక ఒక్కొక్క రంధ్రానికి వేరువేరుగా నిలిచి ఉంటుంది. మొదటి హెచ్‌డీఎంఐ రంధ్రానికి చేసిన అమరిక రెండవ దానికి వర్తించకపోవచ్చును. తీగను మార్చిన ప్రతిసారీ మరల చూచుకోవలెను. అన్నీ కుదిరిన తరువాత ఏ మెనూలో ఏమి ఎంచినారో ఒక కాగితంపై తెలుగులో వ్రాసి టీవీ వెనుక అంటించండి. పిల్లలు రిమోట్‌తో ఆడుకుంటూ జూమ్ మీట నొక్కినప్పుడు ఆ కాగితమే మీకు గురువు.

నల్లరాతి మూర్తి, హారతి వెలుగు

అంచులు తెగకపోయినా దర్శనం నిండకపోయే మార్గం మరొకటి ఉన్నది. అది వెలుగుకు సంబంధించినది. మన మూర్తులలో అనేకం నల్లరాతి మూర్తులు. ఎదుట కర్పూరహారతి, ప్రక్కన తెల్లని పంచె, బంగారు కవచం. ఒకే దృశ్యంలో గాఢమైన నలుపు, కళ్ళు మిరుమిట్లు గొలిపే తెలుపు రెండూ ఉన్నవి. టీవీకి ఇంతకంటె కఠినమైన పరీక్ష అరుదు.

దుకాణంలో ట్యూబులైట్ల నడుమ ఆకర్షణీయంగా కనిపించడానికి టీవీని వివిడ్ లేదా డైనమిక్ అనే పద్ధతిలో ఉంచుతారు. ఇంటికి తెచ్చిన తరువాత కూడా అట్లే వదిలివేస్తే నల్లరాతిలోని కనుబొమలు, పెదవులు, కంఠరేఖలు ఒకే చీకటి ముద్దగా మారిపోతాయి. ముందుగా స్టోర్ మోడ్ ఉంటే హోమ్ మోడ్‌కు మార్చి, పిక్చర్ మోడ్‌లో స్టాండర్డ్ గాని, మూవీ లేదా సినిమా గాని ఎంచండి.

తరువాత బ్రైట్‌నెస్. సాధారణంగా ఈ మీట చీకటి భాగాలను శాసిస్తుంది. కొన్ని సోనీ టీవీలలో ఆ పనికి బ్లాక్ లెవల్ అని వేరే పేరున్నది. ఇప్పుడు మనం నిందించిన ఆ నల్లని పట్టీలే మనకు సాయపడతాయి. గదిలో దీపాలు కొంచెం తగ్గించి, పట్టీలున్న కార్యక్రమం ఒకటి పెట్టి, బ్రైట్‌నెస్‌ను మెల్లగా పెంచండి. పట్టీలు బూడిదరంగుకు మారడం ఆరంభించిన చోట ఆగి, ఒకటి రెండు మెట్లు వెనుకకు రండి. పట్టీ నల్లగానే ఉండి, నల్లరాతిపై ముడతలు, రేఖలు కనిపించడం ఆరంభమవుతుంది.

కాంట్రాస్ట్ వెలుగు భాగాలను శాసిస్తుంది. తెల్లని పంచె మడతలు, జాజిపూల రేకులు విడివిడిగా కనిపించే వరకు దానిని తగ్గించండి. షార్ప్‌నెస్ ఎక్కువైతే మూర్తి చుట్టూ లేని తెల్లని గీత ఒకటి ఏర్పడుతుంది, ఆ గీత పోయే వరకు తగ్గించండి. రంగు ఎక్కువైతే పసుపు నారింజ అవుతుంది, కుంకుమ అలుక్కుపోయినట్లు కనిపిస్తుంది. మీ పూజగదిలోని పసుపును చూచి తెరపై పసుపును సరిచూచుకోండి. ఇంతకంటె నమ్మదగిన కొలమానం ఇంట్లో దొరకదు.

దాతలకు విన్నపం

వృద్ధాశ్రమాలకు, సత్రాలకు, అన్నదాన మండపాలకు టీవీలు సమర్పించే దాతలు ఈ సభలో ఉన్నారు. వారి ఔదార్యానికి వందనం. ఒక్క విన్నపం మాత్రం చేస్తాను. టీవీని గోడకు తగిలించి, దాత పేరున్న పలక అమర్చి, కొబ్బరికాయ కొట్టడంతో దానం పూర్తి కాదు. ఆ తెర ముందు కూర్చునేవారు మంచం దిగలేనివారు. రిమోట్ వారి చేతిలో ఉండదు, ఉన్నా మెనూలోని ఇంగ్లీషు అక్షరాలు వారికి తెలియవు. కిరీటం తెగినదని, పాదాలు లేవని ఎవరితోనూ చెప్పుకోరు. తమ చూపే మందగించినదని అనుకొని ఊరుకుంటారు. టీవీ బిగించే రోజుననే పైన చెప్పిన మూడు పరీక్షలు మీ ఎదుట చేయించండి. కూర్చున్నవారి కంటి ఎత్తుకు దగ్గరగా తెర ఉండేటట్లు, కిటికీ వెలుగు తెరపై పడకుండా చూడండి. బాక్సు హెచ్‌డీదేనా, తీగ సరియైనదేనా అడగండి. పెద్ద టీవీ ఇచ్చి పాత తీగ తగిలించడం వెండి పళ్ళెంలో చద్దిమెతుకులు వడ్డించడం వంటిది.

చిత్రించేవారికి ఒక మాట

ఈనాడు చిన్న ఊరి ఆలయ కమిటీలు కూడా కల్యాణాలను, రథోత్సవాలను ఫోన్లతో ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నవి. ఉపాధికై ముంబయి, పుణె వంటి నగరాలకు, విదేశాలకు వలస వెళ్ళిన మన పాలమూరు బిడ్డలు అక్కడి నుండి చూస్తున్నారు. వారి కోసం మూడు సూచనలు.

ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. నిలువుగా తీసిన బొమ్మను టీవీలో చూపితే తెరలో మూడవ వంతు కూడా నిండదు. నల్లమలలో సలేశ్వరం జలధార ముందు నిలిచినవారు ఆ ఎత్తును పట్టుకోవడానికి ఫోన్ నిలువుగా తిప్పడం సహజమే. చైత్రపౌర్ణమి రోజులలో మాత్రమే లభించే ఆ దర్శనానికి, లోయలోకి దిగలేని వృద్ధుల కోసం మరికొంత వెనుకకు జరిగి, అడ్డంగా మరొకసారి తీయండి.

కిరీటానికి పైన, పాదాలకు క్రింద కొంత స్థలం విడవండి. మీ బొమ్మను చూచే టీవీలలో అన్నీ సరియైన అమరికలో ఉండవు. ముఖ్యమైనదంతా నడిమి తొంభై పాళ్ళలో ఇమిడేటట్లు తీస్తే, కత్తిరించే టీవీ కూడా పువ్వులనే కత్తిరిస్తుంది గాని పాదాలను తాకదు.

పరుగెత్తే అక్షరాలను, దాతల పేర్లను స్వామివారి పాదాల మీదుగా పోనివ్వకండి. పేరు వేయవలసినదే, దాతను గౌరవించవలసినదే. కాని దానికి ప్రక్కన చోటున్నది. తన పేరు పాదాలను కప్పివేయవలెనని ఏ దాతా కోరడు. అంతరాలయాన్ని చిత్రించడానికి అనుమతి లేని ఆలయాలలో ఆ నియమాన్ని తు.చ. తప్పక పాటించవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక సందేహం

మనసులో స్వామి ఉన్నప్పుడు తెర అంచులతో పని ఏమని ఒక పెద్దాయన అడిగినారు. మంచి ప్రశ్న. ఎన్నోసార్లు యాత్ర చేసినవారికి నిజముగానే పని లేదు. సగం కనిపించినా మిగిలిన సగాన్ని వారి జ్ఞాపకం పూరిస్తుంది. కాని ఎన్నడూ అలంపురం చూడని అమ్మాయి, పుట్టుకతో నడక లేని బాలుడు, వీరికి పూరించుకోవడానికి జ్ఞాపకం ఏదీ లేదు. తెర చూపినదే వారికి మూర్తి. వారికి చూపవలసిన దానిని మన అశ్రద్ధ వలన తగ్గించి చూపే అధికారం మనకు లేదు.

కనుక ఈ రాత్రి ఇంటికి వెళ్ళిన తరువాత మీ టీవీ ముందు పది నిమిషాలు కూర్చోండి. మీ ఇంట సరిచేసిన తరువాత, ప్రక్క ఇంట ఒంటరిగా ఉన్న వృద్ధులెవరైనా ఉంటే వారి తలుపు తట్టండి. ఏకాదశికో, శ్రీరామనవమికో వారు తెర ముందు కూర్చున్నప్పుడు వారి చూపు మొదట పాదాల మీద నిలిచి, అక్కడి నుండి కిరీటం వరకు ఆటంకం లేకుండా సాగవలెను.



స్వస్తి.